బాలమణి నంబర్

జగదీశ్ మార్కెట్ల మెట్ల కింద దుకాణం నాది.
పగిలిన అద్దాలు మారుస్త,
నీళ్లల్ల పడ్డ ఫోన్లను ఎండబెట్టి లేపుతా.
ఒకనాడు అఫ్రోజ్ రెక్క ఇరిగిన డ్రోన్ తెచ్చి
"దీనికి సిమ్ ఎయ్యొచ్చా భాయ్?" అన్నడు.

రిమోటుకు సూటి దారి కావాలె.
నడుమ ఒక్క అపార్ట్‌మెంటు లేస్తే చాలు, చెవిటిదైతది.
సిమ్ముకు అట్ల కాదు,
టవరున్న కాడల్ల దానికి తొవ్వ ఉంటది.
మలక్‌పేట ఇడిస్తే చాదర్‌ఘాట్ అందుకుంటది,
బంతిల నిండు గిన్నె చేతులు మారినట్టు
ఒక్క చుక్క ఒలకకుంట.

ఒలుకుతది.
నేను ఎడమకు అన్నంక
అది మర్లే లోపు ఒక రెప్పపాటు.
నా మాట ఏ ఊరి సర్వర్ గదికో పోయి
వరుసల నిలబడి రావాలె గద!
తెర మీద నేను చూసే మూసీ
అప్పటికే పారిపోయిన మూసీ.
ఆ పావురం అప్పటికే ఆడ లేదు.
ఈ సంగతి చేతులకు ఎక్కేసరికి
రెండు ప్రొపెల్లర్లు పోయినయి,
పక్కింటోళ్ల డిష్ ఒకటి వంగింది.
వాళ్లు ఇంకా కోతులనుకుంటున్నరు.

కోఠి కాడ గొడుగు కింద పోరడు అమ్మిన సిమ్ అది.
ఎవరో ఇడిచిపెట్టిన నంబరు,
కంపెనీ కడిగి మళ్ల అమ్మింది.

కడిగితే పోలేదు.
మూసారంబాగ్ వంతెన మీద, నలభై మీటర్ల ఎత్తుల,
తెర అంచున ఒక లైను పడ్డది:
"బాలమణక్కా, మేస్త్రి పైసలిచ్చిండా?"

డ్రోన్‌ను ఆపిన.
బజార్ల ఎనుక నుంచి ఎవరో పిలిస్తె ఆగినట్టు
గాలిల అట్లనే నిలబడ్డది.

తర్వాత గ్యాస్ బండ బుక్కయిందని,
శుక్రవారం చీటీ పాట ఉన్నదని.
మళ్ల అదే మనిషి: "అక్కా, తిన్నవా?"
ఒకసారైతే ఫోనే చేసిండు.
మోడెమ్‌కు నోరు లేదు,
రింగ్, రింగ్ అని ఏడుసార్లు రాసి ఊకున్నది.
ఆ ఏడు రింగులు
బాలమణి నంబర్ నీళ్ల మీద తిరుగుతనే ఉన్నది.

"జవాబియ్యి భాయ్" అన్నడు అఫ్రోజ్.
ఏమని?
మీ అక్క ఇప్పుడు నాలుగు రెక్కల మిషిన్ అనా?

సిమ్ముకు దూరం లేదు గాని
బ్యాటరీకి ఉన్నది, ఇరవై రెండు నిమిషాలు.
దుకాణం తెరవక ముందు
అంత మేరల కడుతున్న బిల్డింగులన్నీ ఎతికిన,
ఎందుకంటే చెప్పలేను.
దిల్‌సుఖ్‌నగర్ దిక్కు తొమ్మిదో స్లాబు మీద
పసుపు టోపీల ఆడోళ్లు ఇసుక తట్టలు మోస్తున్నరు.
మోత చప్పుడుకు ఒకామె తలెత్తి
కండ్లకు చెయ్యి అడ్డం పెట్టుకున్నది.
ఆమెనే కావచ్చు, కాకపోవచ్చు.
నేను చూసే వరకు ఆ చెయ్యి దిగిపోయే ఉంటది.

ఉప్పల్‌ల మ్యాచ్ ఉన్న రాత్రి
ఊరంతా ఒక్కసారే స్కోరు అడిగింది.
టవర్లకు ఊపిరాడలేదు.
నా మాట ఎక్కడో వరుసల ఇరుక్కున్నది.
డ్రోన్ కాసేపు ఆగి చూసింది,
ఇంటికి మర్లింది,
ఇల్లు రాక ముందే బ్యాటరీ అయిపోయి
ఎవరిదో నీళ్ల ట్యాంకుల పడ్డది.

మోటార్లు పోయినయి. కెమెరా పోయింది.
సిమ్‌ను తుడిచి, ఎండబెట్టి,
బటన్ల ఫోన్ల ఏసి
హీట్ గన్ పక్కన పెట్టిన.
డెబ్బై తొమ్మిది రూపాయల రీచార్జ్ కూడ ఏసిన.
అఫ్రోజ్ నవ్విండు.

నిన్న పొద్దుగూకినంక మోగింది.
చేతికి గమ్ అంటింది, మోచేతితోటి బటన్ ఒత్తిన.
అటు సప్పుడు లేదు.
ఎవరిదో మాట
ఏ టవర్ చెయ్యి నుంచి ఏ టవర్ చేతికో మారుతున్నది.
తెలుసు నాకు ఆ రెప్పపాటు, ఆగిన.

"అక్కా?"